“క్లాసుకు పోయినంక నా చెయ్యి చెడిపోయింది”

మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి ఒక అమ్మాయి రాసింది. పేరు వద్దంది, వయసు ఇరవై మూడు. వాళ్ల తాత ఎప్పుడో కరీంనగర్ వైపు నుంచి పేపర్ మిల్లు పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ, హిందీ. బి.కాం. అయ్యాక జిరాక్స్, డీటీపీ షాపులో పని చేస్తోంది. చిన్నప్పటి నుంచి బొమ్మల పిచ్చి. ఎనిమిదో తరగతిలో ఎలిమెంటరీ డ్రాయింగ్ పరీక్ష రాస్తే బి గ్రేడ్ వచ్చింది, దాని తర్వాతిది, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్ష, రాయలేదు. (మనవైపు వాళ్లకు తెలియకపోవచ్చు, మహారాష్ట్ర బళ్లలో ఈ రెండు డ్రాయింగ్ పరీక్షలూ పెద్ద సంగతే. వస్తువును ఎదురుగా పెట్టి గీయమంటారు, చూడకుండా గుర్తుతో గీయమంటారు, డిజైన్ ఉంటుంది, జామెట్రీ, అక్షరాలు రాయడం ఉంటాయి.) తర్వాత యూట్యూబ్ చూసి, ఫొటో మీద గడులు కొట్టి, అవే గడులు పెద్ద షీటు మీద కొట్టి, గడి తర్వాత గడి దించడం నేర్చుకుంది. హీరోలు, పెళ్లి జంటలు, పిల్లల బర్త్‌డే బొమ్మలు. కాలనీలో అందరూ “అచ్చం ఫొటో లెక్కనే ఉంది” అనేవాళ్లు. బొమ్మకు ఏడు వందలు, నెలకు రెండో మూడో ఆర్డర్లు వచ్చేవి.

నిరుడు జూలైలో చంద్రపూర్‌లో ఆదివారం డ్రాయింగ్ క్లాసులో చేరింది, నెలకు ఎనిమిది వందలు. నేర్పేది రిటైరైన మరాఠీ డ్రాయింగ్ సార్. మొదటి రోజే స్టూలు మీద ఒక ఇత్తడి చెంబు, రెండు మోసంబీలు పెట్టి గీయమని, గీశాక షీటు మూలన తేదీ వేయించి, తన దగ్గరే దాచుకున్నాడు. రెండో వారమే గడులు మానెయ్యమన్నాడు. ఆ ఆర్డర్లు తీసుకుంటూ ఉంటే చూపు రాదు, అవీ ఆపెయ్యమన్నాడు. ఆపేసింది. అప్పటి నుంచి పదకొండు నెలలుగా చెంబులు, కుర్చీలు, విడిచిన చెప్పులు, ఒకసారి చంద్రపూర్ పాత కోట ద్వారం జట్పురా గేటు. “ఆధీ బఘ్, మగ్ కాఢ్” అంటాడట ఆయన, ముందు చూడు, తర్వాత గీయి అని. అంతకు మించి పెద్దగా మాట్లాడడట.

అసలు దెబ్బ ఫిబ్రవరిలో తగిలింది. అమ్మ వాళ్ల నాన్న పోయి ఏడాది అవుతుంటే మంచిర్యాలలో ఉండే చిన్నమ్మ, సంవత్సరీకానికి తాత బొమ్మ గీసివ్వమంది. ఉన్నది ఒక్కటే పాస్‌పోర్ట్ సైజు ఫొటో. సార్ చెప్పినట్టే గడులు కొట్టకుండా, వారం రాత్రులు కూర్చుని వేసింది. చిన్నమ్మ బొమ్మను చాలాసేపు చూసి, “బాపు ఇట్ల లేకుండె బిడ్డా” అంది. తిట్టలేదు, ఏమీ అనలేదు, అంతే. సంవత్సరీకం నాడు గోడకు ఆ పాస్‌పోర్ట్ ఫొటోనే పెద్దది చేయించి దండ వేశారు. ఈ అమ్మాయి బొమ్మ బీరువా వెనక్కి పోయింది. అమ్మ బస్సులోనే అనేసింది, “పైసలు కట్టి మరీ చెయ్యి చెడగొట్టుకున్నవ్” అని.

ఇప్పుడు జూన్‌లో సార్ ఎగ్జిబిషన్ పెడుతున్నాడు, ప్రతి ఒక్కరిదీ మొదటి రోజు షీటు, చివరి షీటు పక్కపక్కన. తనది చూస్తే జనం నవ్వుతారని ఈమె భయం, ఎందుకంటే తనకే మొదటిది బాగుందనిపిస్తోంది. “అక్కా, మానెయ్యాలా, ఉండాలా? నాకు అసలు చెయ్యి ఉందా, లేక గడులకే బొమ్మ వచ్చిందా?” అని ముగించింది. ఏడు షీట్ల ఫొటోలు కూడా పంపింది.

చెల్లీ, ముందే ఒకటి చెప్పేస్తాను, నేను ఆర్టిస్టును కాను. మాది కాగజ్‌నగర్, మీ ఊళ్లాగే మిల్లు ఊరు, ఆ సైరనూ ఆ వాసనా నాకు తెలుసు. పెళ్లికి ముందు రెండేళ్లు ఒక మాస్టారు దగ్గర పెన్సిల్ పట్టాను, తర్వాత వదిలేశాను. కాబట్టి నీ బొమ్మలకు గ్రేడ్ ఇచ్చే స్థాయి నాకు లేదు. కానీ ఏడు షీట్లనూ మొదట ఫోన్‌లో, తర్వాత మా అబ్బాయి కంప్యూటర్‌లో పెద్దవి చేసి, తేదీల వరుసలో పెట్టుకుని చూశాను. నువ్వు ఉత్తరంలో రాసిందీ ఆ షీట్లు చెప్పేదీ ఒకటి కాదు. అందుకే చెంబుతోనే మొదలుపెడతాను.

జూలై చెంబు. చూడగానే ముద్దుగా ఉంది, అది నిజం. గీత నల్లగా, ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగింది, వేలితో రుద్దిన నీడ సిల్కులాగా ఉంది. ఇప్పుడు దాని మూతి చూడు. రెండు పక్కలా కంటి మూలల్లాగా కోసుగా ఉంది, బాదం గింజ లాగా. చెంబు మూతికి మూలలెక్కడివి? గుండ్రటి మూతిని ఏ పక్క నుంచి చూసినా అంచు తిరుగుతుందే తప్ప మడత పడదు. అడుగు చూడు, స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నటి గీత. మూతి లోపల కనపడుతోందంటే నువ్వు పైనుంచి చూస్తున్నావు, పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు తిన్నగా ఉండదు. నిజానికి మూతి కన్నా అడుగే ఇంకా ఎక్కువ వంపు తిరిగి కనపడాలి, అది కంటి మట్టానికి ఇంకా కిందికి ఉంది కాబట్టి. నమ్మకం లేకపోతే ఒక స్టీలు గ్లాసు తీసుకుని కంటికి ఎదురుగా పట్టు, మూతి ఒట్టి గీతలా కనపడుతుంది, మెల్లగా కిందికి దించు, గీత తెరుచుకుంటూ వస్తుంది. ఇక ఆ మోసంబీలు. చక్కగా గుండ్రంగా ఉన్నాయి, కానీ స్టూలు మీద లేవు, స్టూలు ముందర గాలిలో ఉన్నాయి. జూలైలో నువ్వు గీసింది ఎదురుగా ఉన్న చెంబును కాదు, “చెంబు అంటే ఇలా ఉంటుంది” అని నీ బుర్రలో ఉన్న గుర్తును. దాన్ని శుభ్రంగా గీశావు, అంతే.

అక్టోబర్ షీటు నిజంగానే వికారంగా ఉంది, మొహమాటపడను. ఒక్కో గీత మూడుసార్లు, నాలుగుసార్లు పడింది. రబ్బరు రుద్దిన చోట కాగితం పింజెలు లేచింది. చెంబు ఎడమకు ఒరిగింది. కానీ మధ్యలో నిలువుగా సన్నటి గీత ఒకటి వేసుకున్నావు చూడు, రెండు పక్కలూ సరిపోతున్నాయో లేదో కొలుచుకోవడానికి. మూతి మూలలు పోయాయి. అడుగు వంపు తిరిగింది. ఒరిగినా సరే, మొదటిసారి ఆ చెంబుకు లోపల అనేది ఒకటి వచ్చింది.

జనవరి షీటులో కుర్చీ ఉంది కదా, నీకు అస్సలు నచ్చలేదని రాశావు, షేడింగ్ లేదు, సగంలో ఆపినట్టు ఉంది అని. ఏడింటిలో నేను ఎక్కువసేపు చూసింది అదే. కుర్చీ కాళ్లను నువ్వు గీయలేదు, కాళ్ల మధ్య ఖాళీలను గీశావు. ఆ వెనక కాలికీ ముందు కాలికీ మధ్య సన్నటి ముక్కోణం ఉంది చూడు, అంత వంకర ఆకారం బుర్రలోంచి రాదు, కళ్లతో చూస్తేనే వస్తుంది. నేను రెండేళ్లు నేర్చుకుని కూడా కుర్చీ గీస్తే నాలుగు కాళ్లూ ఒకే పొడుగు వచ్చేవి.

మే షీటు, మళ్లీ అదే చెంబు. కుడి పక్క అంచు నీడలో కలిసిపోయి గీతే లేదు, అయినా అక్కడ చెంబు ఉందని తెలుస్తోంది. మోసంబీ కింద, స్టూలుకు తగిలే చోట, చిన్న నల్లటి నీడ పెట్టావు, దాంతో అది కూర్చుంది. మూతి ఎడమ అంచు ఇంకా కొంచెం పైకి లేచింది. సార్ మూలన పెన్సిల్‌తో “సావలీ?” అని ప్రశ్న వేశాడు, నీడ సంగతేంటి అని. ఆయన అడిగింది ఇత్తడి మీద పడిన మోసంబీ నీడ గురించి అనుకుంటాను. ఆ ప్రశ్న జూలై షీటు మీద వేయలేదు చూడు, ఎందుకంటే జూలైలో వేస్తే నీకు అర్థమయ్యేది కాదు.

అయితే నీకు మొదటిది బాగున్నట్టు, ఇప్పటిది చెడిపోయినట్టు ఎందుకనిపిస్తోంది? నువ్వు షాపులో టైపింగ్ చేస్తావు కదా, నీకు నేను చెప్పక్కర్లేదు. రెండు వేళ్లతో టకటకా కొట్టేవాళ్లు పది వేళ్లతో నేర్చుకోవడం మొదలుపెడితే ఏమవుతుంది? స్పీడు పడిపోతుంది, తప్పులు పెరుగుతాయి, పక్కవాళ్లు చూసి “ముందే నయం” అంటారు. ఆ రెండు మూడు నెలల్లోనే చాలామంది మళ్లీ రెండు వేళ్లకు వెళ్లిపోతారు. బొమ్మకు ఇంకో తంటా కూడా ఉంది. కన్ను చెయ్యి కంటే తొందరగా నేర్చుకుంటుంది. జూలైలో నీ చెంబులో పది తప్పులుంటే నీకు ఒక్కటీ కనపడలేదు, కాబట్టి తృప్తిగా ఉంది. ఇప్పుడు నాలుగే ఉన్నాయి, నాలుగూ కనపడుతున్నాయి, కాబట్టి నిద్ర పట్టట్లేదు.

ఇదంతా చెప్పి “నువ్వేమీ పోగొట్టుకోలేదు” అని నిన్ను బుజ్జగించను. ఒకటి నిజంగానే తగ్గింది, నీ నున్నదనం. ఆ శుభ్రమైన షేడింగ్, గడుల లోపల ఓపిగ్గా నింపే చెయ్యి, పదకొండు నెలలుగా వాడక మొద్దుబారింది. అమ్మకు కనపడిందీ అదే, కాలనీ వాళ్లకు కనపడిందీ అదే. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. కాకపోతే అది వాడకం మీద తిరిగొచ్చే పని, మళ్లీ కొన్నాళ్లు కూర్చుంటే వచ్చేస్తుంది. చూపు అలా కూర్చుంటే వచ్చేది కాదు.

ఇక తాత బొమ్మ. దీని గురించి ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే నీ ఉత్తరం నిండా చెంబులున్నా నొప్పి మాత్రం ఇక్కడే ఉంది.

నువ్వు పంపిన ఆ పాస్‌పోర్ట్ ఫొటో, దాని పక్కన నీ బొమ్మ చూశాను. ఆ ఫొటో స్టూడియోలో ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసింది, ముఖంలో నీడ అనేదే లేదు, చదునుగా ఉంది. నువ్వేమో ఆరేడు నెలలుగా నీడ ఎక్కడుంది, వెలుగు ఎక్కడుంది అని వెతకడం నేర్చుకున్నావు. ఫొటోలో దొరక్కపోయేసరికి నువ్వే తెచ్చి పెట్టావు. చెంప కింద లోతు పెట్టావు, కంటి కింద గుంట పెట్టావు. దాంతో తాతకు పదేళ్లు పెరిగాయి, జబ్బు మనిషిలా వచ్చాడు. బొమ్మగా చూస్తే అందులో ఒక తల ఉంది, ఎముక ఉంది, నీ పాత ఆర్డర్లలో ఏ ఒక్కదానిలోనూ లేనంతగా ఉంది. కానీ చిన్నమ్మకు తల ఎందుకు, ఆమెకు బాపు కావాలి. ఆమె చూసింది చివరి రోజుల్లో మంచం మీద బాపును, నీ బొమ్మ ఆమెకు ఆ రోజుల్నే గుర్తు చేసి ఉండొచ్చు. “ఇట్ల లేకుండె” అన్నమాట నీ చేతి మీద తీర్పు అనుకున్నావు. నాకైతే అది తండ్రి పోయిన కూతురి మాటలాగే వినపడింది.

పైగా ఆ పనికి గడులే సరైన పద్ధతి. ఎదురుగా మనిషి లేడు, ఉన్నది రెండంగుళాల చదును కాగితం, చూసి నేర్చుకోవడానికి అందులో ఏమీ లేదు, ఉన్నదాన్ని తప్పు లేకుండా పెద్దది చేయాలి. గడులంటే దొంగతనం అన్నట్టు రాశావు, అలాంటి సిగ్గు ఏమీ పెట్టుకోకు. ఇటలీలో ఆల్బర్టి అనే ఆయన 1435లోనే దారాలతో గడులు పడ్డ పల్చటి తెరను ఎదురుగా కట్టుకుని, దాంట్లోంచి చూస్తూ గీయమని రాశాడు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1882లో తాడు కట్టిన చెక్క చట్రం ఒకటి చేయించుకుని దాన్ని పొలాల్లోకి మోసుకుపోయి అందులోంచి చూసి గీసేవాడు, తమ్ముడికి దాని బొమ్మ కూడా వేసి పంపాడు. ఆయన ఇరవై ఏడేళ్లకు మొదలుపెట్టినవాడు, మొదట్లో అచ్చు బొమ్మల పుస్తకాలు ముందు పెట్టుకుని షీట్లకు షీట్లు నకలు తీశాడు. తేడా ఎక్కడంటే, వాళ్ల చట్రానికి అవతల పొలం ఉంది, మనిషి ఉన్నాడు. నీ గడులకు అవతల ఇంకో ఫొటో ఉంది. మీ సార్ గొడవ గడులతో కాదు, ఆ ఫొటోతో అని నా అనుమానం. ఆ ముక్క ఆయన విడమరిచి చెప్పి ఉంటే నువ్వు తాత బొమ్మకు గడులు కొట్టేదానివి.

సార్ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు అంటాను. మంచి మాస్టారులాగే ఉన్నాడు, మొదటి షీటు దాచి, తేదీలు వేయించి, అదే చెంబును పది నెలల తర్వాత మళ్లీ పెట్టేవాళ్లు తక్కువ. కానీ రెండు తప్పులు చేశాడనిపిస్తోంది. ఆర్డర్లు మానెయ్యమన్నాడు, ఆ పైసల్లోంచే తన ఫీజు రావాలని ఆయనకు తెలుసా? నువ్వు చెప్పావా? ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. రెండోది, తప్పు దగ్గర ప్రశ్న గుర్తు పెడతాడు కానీ ఒప్పు దగ్గర ఏమీ పెట్టడు. పాతకాలం మాస్టార్లు అంతే, పొగిడితే పాడైపోతారనుకుంటారు. నాకు నేర్పినాయన రెండేళ్లలో ఒక్కసారి “ఊఁ” అన్నాడు, అది కూడా చాయ్ తాగుతూ, బొమ్మను చూసి అన్నాడో చాయ్ బాగుండి అన్నాడో నాకు ఇప్పటికీ డౌటే.

మరి ఏం చేయాలి? నీ ముందు మూడు నాలుగు దారులున్నాయి, దేనికీ టికెట్ ఉచితం కాదు.

క్లాసు మానేసి ఆర్డర్లకు వెళ్లిపోవచ్చు. ఇందులో తప్పేం లేదు. నెలకు రెండు వేలదాకా పోగొట్టుకున్నావు, పైన ఎనిమిది వందలు కడుతున్నావు, బస్సు చార్జీలు వేరే, మీ నాన్న రిటైరైన ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. రెండు మూడు నెలల్లో చేతికి పాత నునుపు వచ్చేస్తుంది, అమ్మ సంతోషిస్తుంది. కానీ ఒక్క సంగతి నా కంటే నీకే బాగా తెలుసు. మీ షాపుకే వచ్చి, ఫొటో ఇచ్చి “పెన్సిల్ ఎఫెక్ట్‌లో చేసియ్యి” అని అడుగుతున్నారని నువ్వే రాశావు, కంప్యూటర్‌లో ఒక నిమిషం పని. అచ్చం ఫొటోలాగా ఉండటమే నీ బొమ్మ గొప్పదనమైతే, ఆ నిమిషం పనితో పోటీ పడాలి. చేత్తో గీసింది కావాలనేవాళ్లు ఎప్పుడూ కొంతమంది ఉంటారు, ఆ కొంతమంది నీకు ఎన్నాళ్లు సరిపోతారన్నది నువ్వే షాపులో కూర్చుని లెక్కేసుకోవాలి.

సార్ చెప్పినట్టే ఇంకో ఏడాది, ఆర్డర్లు లేకుండా ఉండొచ్చు. ఎదుగుదల తొందరగా ఉంటుంది, మే షీటు చూస్తే నాకు ఆ నమ్మకం ఉంది. కానీ ఇంట్లో మాటలు కూడా ఉంటాయి, చేతిలో పైసలుండవు, ప్రతి ఆదివారం “దీనికోసం ఇంత పోగొట్టుకుంటున్నా” అనుకుంటూ కూర్చుంటే చెంబు మీద చూపు నిలవదు. క్లాసు మీద కసి పెరిగాక మానేస్తే మళ్లీ పెన్సిల్ ముట్టుకోబుద్ధి కాదు, ఇది నా అనుభవం.

రెండూ చేయొచ్చు. సార్‌తో సూటిగా మాట్లాడు, “సర్, ఫీజు ఆర్డర్ల మీదే కట్టాలి, నెలకు రెండు తీసుకుంటాను, గడులతోనే చేస్తాను, అవి క్లాసుకు తేను” అని. ఒప్పుకోవచ్చు, ముఖం ముడుచుకోవచ్చు, రెండూ జరగొచ్చు. ఒకవేళ ఆయన కుదరదంటే అప్పుడు తేల్చుకోవాల్సిన పని నీదవుతుంది, ఇప్పుడు చెప్పకుండా లోపల కుమిలిపోవడం కంటే అది నయం. ఇలా చేస్తే నాదొక సలహా. ప్రతి ఆర్డర్ ఫొటోను గడులు కొట్టే ముందు పావుగంట ఊరికే చూసి, గడులు లేకుండా చిన్న కాగితం మీద గీసుకో, ఎవరికీ చూపించకు. తర్వాత గడులతో అసలుది చేశాక రెండూ పక్కన పెట్టి చూసుకో, నీ చూపు ఎక్కడ జారిందో గడులే చెప్తాయి. అప్పుడు గడులు నీకు ఇంకో మాస్టారు అవుతాయి. నష్టం ఏమిటంటే టైము. షాపు, ఆర్డర్లు, ఆదివారం, కొన్ని వారాలు రెండూ సగం సగమే అవుతాయి, ఎదుగుదల నెమ్మదిస్తుంది.

ఇంకోటి, మూడు నెలలు క్లాసు ఆపి సొంతంగా గీసుకోవడం. దీని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఆదివారం పొద్దున్నే వెళ్లి తీరాలన్న కట్టడి పోతే చాలామందికి పెన్సిల్ కూడా పోతుంది, నాకు పోయినట్టే. అయినా నీ పరిస్థితిలో డబ్బు మరీ ఇబ్బందైతే ఇది ఉంది. మీ ఊళ్లో అందుకు ఎంత మంచి చోటుందో నువ్వు గమనించావో లేదో. మీ స్టేషన్ గోడల మీద తాడోబా అడవి పులుల బొమ్మలు వేశారు కదా, 2018లో రైల్వే వాళ్లు పెట్టిన అందమైన స్టేషన్ల పోటీలో బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకు కలిపి మొదటి బహుమతి వచ్చింది. ఆ పులుల్ని నకలు తీయమనట్లేదు. ఆ పులుల కింద కూర్చుని కాజీపేట వైపు బండి కోసం చూసే మనుషులున్నారే, మూటల మీద తల పెట్టి నిద్రపోయేవాళ్లు, వాళ్లను గీయి. నిద్రపోయేవాళ్లు కదలరు, డబ్బులడగరు, “నా లెక్క లేదు” అని కూడా అనరు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, రబ్బరు ఇంట్లో పెట్టి వెళ్లు. ఎండ తగ్గాక వెళ్లు కానీ, మీ దగ్గర మే అంటే 46, 47 డిగ్రీలు, బొమ్మ కోసం వడదెబ్బ తెచ్చుకోకు.

నాకైతే మూడో దారి వైపే మొగ్గుంది. కానీ నెల ఖర్చు నీది, అమ్మ మాటలు పడేది నువ్వు.

నీకు చెయ్యి ఉందా లేదా అన్నావు. జనవరి కుర్చీ ఎవరు గీశారు మరి?

ఎగ్జిబిషన్ సంగతి. వద్దనుకుంటే వద్దని సార్‌కు చెప్పొచ్చు, నీ షీట్లు నీవి. అలా చేస్తే ఆ రోజుకు గండం గడుస్తుంది, మిగతా పిల్లలవి చూసి వెనక్కొస్తూ దారిలో బాధపడతావేమో. పేరు లేకుండా పెట్టమనొచ్చు, కానీ చంద్రపూర్ క్లాసులో ఆ చెంబు ఎవరిదో అందరికీ తెలుసు, పేరు తీస్తే ఏం లాభం. ఇంకో మాట అడిగి చూడొచ్చు. రెండు కాదు, మూడు పెట్టమను, జూలై, అక్టోబర్, మే. మధ్యలో ఆ వికారపు షీటు ఉంటే చూసేవాళ్లకు దారి తెలుస్తుంది. రెండే ఉంటే నునుపు చూసి జూలైదే బాగుందనేవాళ్లు ఉంటారు, నీ భయం ఉత్తదేమీ కాదు. ఎవరైనా అంటే అననీ. జట్పురా గేటు మీద చెక్కిన ఏనుగు మీది సింహాన్ని చూసి కూడా “సింహం ఇట్లుంటదా” అనేవాళ్లు ఉన్నారు.

అమ్మ విషయం మాత్రం ఎగ్జిబిషన్ దాకా ఆగొద్దు. అమ్మ సంక్రాంతికి ఇరవై ఒక్క చుక్కల ముగ్గు తప్పు లేకుండా వేస్తుందని రాశావు, అంటే ఆమె కంటికి నిలువు, అడ్డం, ఎడం బాగా తెలుసు. సార్‌ను అడిగి జూలై షీటూ మే షీటూ ఒక రోజుకు ఇంటికి తెచ్చుకో. తేదీలు కనపడకుండా మూలలు మడత పెట్టు. పక్కపక్కన పెట్టి “ఏది బాగుంది?” అని అడగకు, అలా అడిగితే జూలైదే అంటుంది. “అమ్మా, ఈ రెండు చెంబుల్లో నీళ్లు పోస్తే ఏ దాంట్లో నిలుస్తయి?” అని అడుగు. ఏమంటుందో నాకు తెలియదు, ఒకవేళ జూలైదే చూపించినా వాదించకు, ఎందుకో అడిగి విను.

చిన్నమ్మకు ఫోన్ చెయ్. బొమ్మ గురించి మాట్లాడకు, తాత గురించి మాట్లాడు. బాపును తల్చుకుంటే ముందు ఏం గుర్తొస్తుంది అని అడుగు. కనుబొమ్మనా, తలపాగా చుట్టే తీరా, నవ్వితే ఒక పక్కకు పోయే మూతా? ఆమె చెప్పేది ఒక కాగితం మీద ఆమె మాటల్లోనే రాసుకో. తర్వాత ఆ పాస్‌పోర్ట్ ఫొటో మీద గడులు కొట్టు, చిన్న గడులు, కళ్ల దగ్గర ఇంకా చిన్నవి. ఫొటోలో లేని నీడ ఒక్కటి కూడా పెట్టకు, ఆమె చెప్పిన ఆ ఒక్క గుర్తు దగ్గర తప్ప. బీరువా వెనక ఉన్న బొమ్మను పారేయొద్దు, దాని మూలన కూడా తేదీ వేసి పెట్టు.